పూత కింది పొర

2022 వానాకాలం. కాకినాడ శివార్లలో బ్యాటరీలకు ఎలక్ట్రోడ్ షీట్లు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను టెస్టింగ్ ల్యాబ్ చూసేవాణ్ణి. పల్చటి అల్యూమినియం రేకు మీద నల్లటి కార్బన్ పూత వేసి ఆరబెడితే ఎలక్ట్రోడ్ అవుతుంది. ఆ పూతలో కరెంటు ఎంత సులువుగా పోతుందో కొలిచి, పాస్ అని సంతకం పెట్టడం నా పని. నా సంతకమంటే నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ నెల పంపిన షీట్లన్నీ వెనక్కి వచ్చాయి. వాటితో చేసిన బ్యాటరీలు వేడెక్కిపోతున్నాయట. నా రిపోర్టు బాగానే ఉంది కాబట్టి తప్పు పూత వేసిన మనిషిదేనని మేనేజర్ గారు తేల్చేశారు. ఆ మనిషి సత్యవతి గారు. ఇద్దరు పిల్లల చదువూ ఆవిడ సంపాదన మీదే నడుస్తోంది. సోమవారం నుంచి పనిలోకి రావద్దన్నారు.

శనివారం ఆవిడ ల్యాబ్‌కి వచ్చారు.

"నేనేం తప్పు చేశానో చెప్పండి సార్. తెలిస్తే ఇంకోచోటైనా చెయ్యకుండా ఉంటానండి."

సిగ్గేసింది. రేకు ఎలా సిద్ధం చేస్తారో ఒకసారి చేసి చూపించమన్నాను. ఆవిడ రేకు పరిచి, గోరువెచ్చని నీళ్లు చిలకరించి, మెత్తటి గుడ్డతో తుడిచారు.

"నీళ్లెందుకండీ?"

"ఈ ముసురుకి రేకు మీద మరకలు పడుతున్నాయండి. అరిటాకైనా నీళ్లు చల్లి తుడవకుండా వడ్డించం కదండీ. మీరే ఒకరోజు చూసి, అద్దంలా ఉందన్నారు."

అన్నాను. నిజమే.

నేను కొలిచేది సర్ఫేస్ రెసిస్టివిటీ, అంటే పూత మీదుగా పాకే కరెంటుకు ఎదురయ్యే అడ్డు. రేకు మీదైతే కరెంటు రేకులోంచే పోతుంది కాబట్టి, దాన్ని విడిగా ప్లాస్టిక్ ఫిల్మ్ మీద వేసిన పూతతోనే చూసేవాణ్ణి. బ్యాటరీలో మాత్రం కరెంటు పూతలోంచి కిందికి దిగి రేకును చేరాలి. ఆ దారిలో అడ్డు వాల్యూమ్ రెసిస్టివిటీ. పొరల మధ్య అతుకు బాగా లేకపోతే ఆ అడ్డు కూడా దానికి తోడవుతుంది. చేలో నీరు పైన పారడం వేరు, లోపలికి ఇంకడం వేరు.

తుడిచిన రేకు మీదా తుడవని రేకు మీదా ఆవిడతోనే పూత వేయించి, ఆరాక రాగి బిళ్లల మధ్య నొక్కి, పైనుంచి కిందికి కరెంటు పంపాను. తుడిచినదాంట్లో అడ్డు ఎన్నో రెట్లు ఎక్కువ. తడికి రేకు మీద కంటికి కనబడని పొర కట్టింది.

మేనేజర్ గారికి చూపించాను. "అయితే తప్పు ఆవిడదేగా?" అన్నారు.

"నీళ్లు తగలకూడదని ఆవిడకి మనమెవరమూ చెప్పలేదండి. చూసి మెచ్చుకున్నది నేను. కొలవాల్సింది కొలవకుండా సంతకం పెట్టిందీ నేనే."

"అదే రాసిస్తారా?"

అక్కడే కాగితం తీసుకుని రాసిచ్చాను.

సోమవారం సత్యవతి గారు మామూలుగానే పనిలోకి వచ్చారు. నాకు మెమో వచ్చింది. అప్పటి నుంచి ప్రతి షీటునూ రెండు విధాలా కొలుస్తున్నాను. అలా కొలవాలని పుస్తకాల్లోనూ ఉంది. నా రిపోర్టు నన్ను కాపాడుతున్నప్పుడు అది ఎవరిని ముంచుతోందో కూడా చూసుకోవాలని మాత్రం ఆవిడ వల్లే తెలిసింది.