చీకటి పడని చోటికి నిద్ర కోసం

మా ఆయన కంటినిండా నిద్రపోయి ఏడాది దాటింది. మేం ఫిన్లాండ్ ఉత్తరపు కొసకి వెళ్ళింది అందుకే తప్ప అడవులు చూడ్డానికో, ఫోటోలు దిగడానికో కాదు. ఆ ఊరు అందంగా ఉంటుందా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను, అందంగానే ఉంటుంది. అందంతో మాకు పని పడలేదు.

మా ఆయన రమణమూర్తి మేముంటున్న ఊరి పక్కనే, అన్నీ ఫ్యాక్టరీలే ఉండే జురాంగ్ ఐలాండ్‌లో, ఒక కెమికల్ ప్లాంటులో ఇరవై ఏళ్ళకు పైగా షిఫ్టు డ్యూటీ చేశారు. నిరుడు ఆ యూనిట్‌ని పూర్తిగా మూసేశారు. శాలువా కప్పి, కేకు కోసి ఇంటికి పంపారు. ఆ వారం నుంచే ఆయనకి నిద్ర దూరమైంది. డాక్టర్లు, మాత్రలు, పడుకునే ముందు వేడి పాలు, అన్నీ అయ్యాయి. ఈలోగా అదే ద్వీపంలో ఇంకో ప్లాంటు వాళ్ళు కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు. వస్తారో రారో జూన్ ఆఖరి సోమవారానికల్లా చెప్పాలి. ఈయనది ఒకటే మాట.

"నిద్ర లేనోడు కంట్రోల్ బోర్డు ముందు కూర్చోకూడదు సుధా. కునుకు పట్టిందంటే పోయేది నేనొక్కణ్ణే కాదు."

దారి చూపించింది మా అమ్మాయి. పాలిటెక్నిక్‌లో చదువుతోంది. లోకంలో ఏ గాలి ఎటు వీస్తోందో దానికి ఫోన్‌లోనే తెలిసిపోతుంది. మా ఊళ్ళో అందరిలాగే మాట చివర 'లా' అని తగిలిస్తుంది. "అమ్మా, ఇప్పుడు అందరూ కోల్డ్ ప్లేసెస్‌కే వెళ్తున్నారు లా. కూల్‌కేషన్ అంటారు. స్లీప్ టూరిజం కూడా ఉంది. నో ఫోన్, నో నాయిస్, జస్ట్ స్లీప్. నాన్న నీడ్స్ దట్." ఒక చెరువు, దాని ఒడ్డున చెక్క క్యాబిన్, చుట్టూ అడవి, కింద 'ఇక్కడ మీకు వినిపించేది ఏమీ లేదు' అని రాసి ఉన్న ప్రకటన చూపించింది. నాది స్కూల్ ఆఫీసులో ఉద్యోగం. సెలవు దొరికేది జూన్‌లోనే. బుక్ చేసేశాం.

చాంగీ ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కేసరికి రాత్రి పదకొండు దాటింది. తెల్లారేసరికి హెల్సింకీ. విమానంలో ఆయన కాసేపు కళ్ళు మూశారు గానీ, విమానంలో ఎవరైనా మూస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పగలంతా స్టేషన్ చుట్టుపక్కలే తిరిగి, సూపర్‌మార్కెట్లో రొట్టె, పెరుగు కొనుక్కుని, రాత్రి రైలెక్కాం. ఇద్దరికి ఒక గది, పైనొక బెర్తు, కిందొక బెర్తు. వెళ్ళేవాళ్ళకి నా సలహా, బెర్తులు ముందుగా తీసుకోండి, కూర్చునే సీట్లలో నడుం విరుగుతుంది.

ఆయన్ని పడుకోబెట్టి నేను కారిడార్‌లో కిటికీ దగ్గర నిలబడ్డాను. పక్క గది నుంచి ఒక చైనీస్ ఆంటీ కప్ నూడుల్స్ పట్టుకుని వచ్చింది. మాటల్లో తేలిందేమిటంటే, వాళ్ళదీ మా ఊరే, వుడ్‌ల్యాండ్స్ పేట.

"మా పై ఫ్లాట్‌లో రెనొవేషన్ లా, డ్రిల్లింగ్ ఆపరు. అందుకే మా ఆయన్ని క్వయట్ ప్లేస్‌కి లాక్కొచ్చా," అంది ఇంగ్లీషులో. తర్వాత కిటికీలోకి చూసి, "చీకటెప్పుడు పడుతుందని చూస్తున్నావా? పడదు. జూన్‌లో ఇక్కడ సూర్యుడు దిగడు కదా," అంది.

టెన్త్‌లో చదివిందే. ధ్రువం దగ్గర ఎండాకాలమంతా పగలేనని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఏడాది పొడవునా ఏడింటికి తెల్లారి ఏడింటికి పొద్దుగూకే ఊళ్ళో ఇన్నేళ్ళు బతికాక, పొద్దు అనేది ఊరిని బట్టి మారుతుందన్న సంగతే బుర్రలోంచి చెరిగిపోయింది. నిద్ర లేని మనిషిని రాత్రి లేని చోటికి, టికెట్లు కొని మరీ తీసుకెళ్తున్నాను. లోపలికొచ్చి చూస్తే ఆయన గుర్రు పెడుతున్నారు. నాలుగు గంటలు కదలకుండా పడుకున్నారు. చల్లదనం పనిచేస్తోందనుకుని అమ్మాయికి మెసేజ్ కూడా పెట్టాను.

మర్నాడు పదకొండింటికి రైలు దిగి, రెండు గంటలు బస్సులో వెళ్ళి, రోడ్డు పక్కన ఒక పోస్టు పెట్టె దగ్గర దిగాం. క్యాబిన్ యజమానురాలు కారుతో వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, పొడి మాటలు, చేతికి రబ్బరు తొడుగులు. దారిలో మా ఫోన్లలో సిగ్నల్ ఒక్కో గీతే తగ్గుతూ పోయింది.

ప్రకటనలో ఒక్క అబద్ధం లేదు. చలి ఉంది, స్వెటర్ మీద స్వెటర్ వేసుకునేంత. మనుషులు లేరు. అవతలి ఒడ్డున క్యాబిన్‌లో ఒక జర్మన్ జంట, అంతే. ఫోన్ లేదు, కరెంటు లేదు, గ్యాస్ పొయ్యి మీద అన్నం వండుకుని ఆవకాయ కలుపుకోవడమే. ఇప్పటి జనం ఏమేం కోరుకుంటున్నారో అవన్నీ ఆ చెరువు ఒడ్డున దొరికాయి. చప్పుడు అసలే లేదు. పక్షి కూడా ఒకసారి కూసి మళ్ళీ మధ్యాహ్నం దాకా ఊరుకునేది. ప్రకటనలో రాయనివి దోమలు మాత్రమే.

చీకటి కోసం రగ్గు తీసి కిటికీకి కట్టాం. రగ్గు కిటికీకి కడితే చలి, కప్పుకుంటే వెలుతురు. చివరికి చలినే ఒప్పుకున్నాం. గది కాస్త మసకబారింది. అయినా ఆయన మంచం మీద అటు తిరిగి, ఇటు తిరిగి, లేచి కూర్చుని, చెవి ఒకవైపు ఒగ్గి ఏదో వింటున్నట్టు ఉండేవారు. "ఏటండీ?" అంటే "ఏం లేదు, పడుకో" అనేవారు. మూడు రోజులు ఇలాగే గడిచాయి. కళ్ళ కింద నలుపు ఇంకా దిగింది. ఈయన్ని నేనే ఇక్కడికి తెచ్చి చంపుతున్నానా అని భయం వేసింది నాకు.

నాలుగో రోజు పొద్దున్న లేచి చూస్తే మంచం మీద లేరు. చెరువు గుర్తొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డు దాకా పరుగెత్తాను. అక్కడ లేరు. యజమానురాలి ఇంటి వైపు నుంచి, మా క్యాబిన్ లోపలికి రానిది, ఏదో మోటారు చప్పుడు సన్నగా వినిపిస్తే అటు వెళ్ళాను. పెరట్లో చిన్న షెడ్డు, లోపల జనరేటర్ నడుస్తోంది. షెడ్డు గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, దోమలు ముఖం మీద వాలుతున్నా తెలియకుండా మా ఆయన నిద్రపోతున్నారు. నోరు తెరిచి ఉంది.

నేను పక్కన కూర్చుని చున్నీతో దోమలు తోలుతూ ఉన్నాను. కాసేపటికి యజమానురాలు వచ్చి జనరేటర్ ఆపింది. మోటారు ఆగిన మరుక్షణం ఆయన కళ్ళు తెరిచారు.

"ఏమైంది? ఎందుకాగింది?" అన్నారు తెలుగులోనే, ఆవిడ వైపు చూసి.

చప్పుడికి ఆయన నొచ్చుకున్నారనుకుంది ఆవిడ. "మన్నించండి. బ్యాటరీల కోసం రోజుకి ఒక గంటే వేస్తాను. ఇక్కడికి అందరూ నిశ్శబ్దం కోసమే వస్తారు కదా," అంది.

తిరిగి క్యాబిన్‌కి నడుస్తుంటే ఆయన మెల్లగా చెప్పారు. "ప్లాంటులో మోటార్లు మోగుతున్నంతసేపూ భయం ఉండదు సుధా. చప్పుడు ఆగితేనే లేవాలి. ఆగిందంటే ఎక్కడో ఏదో చెడి మిషను ట్రిప్పయినట్టు. ఇంటికొచ్చి పడుకున్నా, అక్కడ నడుస్తోంది, వినడానికి ఇంకొకడున్నాడు అని తెలిసేది. ఇప్పుడు నడిచేదీ లేదు, వినేవాడూ లేడు. ఇక్కడైతే మొత్తం ఆగిపోయినట్టుంది."

నాకు ఏడుపొచ్చింది. అంతమంది డాక్టర్లకి చెప్పని మాట ఇది. దాచారని కాదు, ఆయనకీ ఆ గోడకి ఆనుకున్నాకే తెలిసింది.

సాయంత్రం వెళ్ళి, జనరేటర్ ఇంకాసేపు వేస్తారా, డీజిల్ ఖర్చు మేం ఇస్తాం అని ఆవిడని అడిగాను. ఆవిడ జాలిగా చూసింది. "నీళ్ళ మీదుగా చప్పుడు అవతలి ఒడ్డుకి పోతుంది, అక్కడి జర్మన్లు ఆ ఒక్క గంటకే ఫిర్యాదు రాశారు. నేను అమ్మేది నిశ్శబ్దమే," అంది. అందులో తప్పు పట్టడానికేం లేదు. మిగిలిన రోజుల్లో ఆ గంట కోసం ఒక కుర్చీ మాత్రం షెడ్డు పక్కన వేసి ఉంచింది. మా ఆయన దోమల వల ఉన్న టోపీ పెట్టుకుని, మందుకు వచ్చే రోగిలా, వేళకి వెళ్ళి కూర్చునేవారు.

తిరుగు ప్రయాణంలో హెల్సింకీ విమానాశ్రయంలో ఆయన ఫోన్ తీసి కొత్త ప్లాంటు వాళ్ళకి మెసేజ్ టైపు చేశారు. ఆరోగ్య కారణాల వల్ల చేరలేనని. "రోజుకి గంట నిద్రతో బోర్డు చూడలేను," అని ఫోన్ నా చేతికిచ్చారు. "దిగాక నువ్వే పంపు. నాకు చేతులు రావు."

ఇంకా వెళ్దామనుకునే వాళ్ళ కోసం రెండు మాటలు. చల్లదనం కావాలంటే వెళ్ళండి, జనం మొహం చూడకుండా ఉండాలన్నా వెళ్ళండి. చీకటి కావాలంటే మాత్రం జూన్‌లో వెళ్ళకండి. నిశ్శబ్దం మాత్రం అందరి ఒంటికీ పడేది కాదు. అది ఎవరికి పడుతుందో ప్రకటనలో రాయరు.

సాయంత్రం చాంగీలో దిగాం. తనా మేరాలో రైలు మారాం. జురాంగ్ ఈస్ట్‌లో మళ్ళీ మారితే చోవా చూ కాంగ్, మా ఇల్లు. రైలు కిక్కిరిసి ఉంది. ఒకడు ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నాడు, ఎవరి పిల్లో ఏడుస్తోంది, తలుపులు మూసుకున్నప్పుడల్లా గంట మోగుతోంది. రెండు స్టేషన్లు దాటేసరికి మా ఆయన తల నా భుజం మీద వాలిపోయింది.

జురాంగ్ ఈస్ట్ వచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన కంపెనీ బస్సు ఎక్కింది ఇక్కడే. నేను కదల్లేదు. తలుపులు మూసుకున్నాయి. తర్వాతి స్టేషన్లలో రాత్రి షిఫ్టు వాళ్ళు యూనిఫారాలతో, వీపు సంచులతో ఎక్కారు, దిగారు. ఆయన ఫోన్ నా చేతిలోనే ఉంది. దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టి జిప్ వేసేశాను.

తువాస్ లింక్ స్టేషన్‌లో లైను అయిపోతుంది. రైలు ఆగింది, మోటారు ఆగింది, ఆయన కళ్ళు తెరిచారు.

"ఆగిపోయిందా?"

"ఆగింది. మన స్టేషన్ దాటి వచ్చేశాం."

బయట ఏడు దాటింది. చెప్పిన టైముకి చీకటి పడింది. ఫ్యాక్టరీల దీపాలు వెలిగాయి. ఆయన వాచీ చూసుకుని, గంట దాటిందా అన్నట్టు నా వైపు చూశారు.

"ఆ మెసేజ్ పంపేశావా?"

"లేదండీ."

తిరిగి వెళ్ళే రైలు వచ్చింది. సూట్‌కేసులు లాక్కుని ఎక్కి కూర్చున్నాం. అడుగున మోటారు అందుకోగానే ఆయన వెనక్కి వాలి, సగం మూసిన కళ్ళతో అన్నారు.

"సోమవారం దాకా టైముంది కదా."