సార్టర్ ఎందుకు ఆగుతోందో చూపించినవాళ్లు

జవళగేర దగ్గరి రైసు మిల్లులో బియ్యంలోంచి నల్ల గింజలు ఏరే సార్టర్ ఉంది. గింజలు జారుతుంటే కెమెరా చూస్తుంది. రంగు మారిన గింజ కనబడితే సన్నని గాలి కొట్టి పక్కకు నెడుతుంది. దాని పాత కంప్యూటరు పాడైనప్పుడు లినక్స్ అనే ఉచిత వ్యవస్థ వేసిన కంప్యూటరు పెట్టె ఒకటి అమర్చి, గింజల్ని గుర్తుపట్టే ప్రోగ్రాము రాసింది నేనే. సింధనూరులో కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. మిల్లు యజమాని మా నాన్నలాగే కోస్తా నుంచి ఇక్కడి కాలువ కింద భూములకు వచ్చి స్థిరపడ్డ రైతు. ఆయన్ని బాబాయ్ అంటాను.

ఒక శనివారం ఆయన ఫోను చేశారు. "బియ్యంలో నల్ల గింజలు వస్తున్నాయమ్మాయ్. సార్టర్ దగ్గరుండే ఆవిడకి చూపు తగ్గినట్టుంది. సోమవారం నుంచి ఆరబెట్టే కళ్లంలోకి పంపేస్తాను. ఎందుకైనా మంచిది, నువ్వూ ఓసారి మిషను చూసిపో."

ఆమె మల్లట్ అనే ఊరి మనిషి, యాభై దాటి ఉంటాయి. గంటకు నాలుగైదుసార్లు గుప్పెడు బియ్యం పళ్లెంలో పోసి చూసి, తేడా ఉంటే మిషను సరిచేయడం ఆమె పని. నేను మిల్లుకు వెళ్లగానే అంది, "నా కండ్లు మంచిగనే ఉన్నయమ్మా. గాలి కొట్టుడే నడుమ నడుమ ఆగుతున్నది."

నేను కంప్యూటరు ముందు కూర్చుని, ఏ ప్రోగ్రాము ఎంత పని చేస్తోందో చూపే మామూలు పట్టిక తెరిచాను. ప్రాసెసర్ సగానికి పైగా ఖాళీగా ఉంది. "కంప్యూటరు బాగానే ఉంది బాబాయ్," అనేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆమె వాదించలేదు. నా మణికట్టు పట్టుకుని తీసుకెళ్లి గాలి గొట్టం మీద అరచెయ్యి పెట్టించింది. "లెక్కపెట్టు," అంది. అరచేతికి టకటకమని తగులుతున్న అదురు, నా లెక్క ముప్పై సెకన్లకు చేరగానే ఒక్క క్షణం ఆగింది. మళ్లీ ముప్పైకి ఆగింది. మూడోసారీ అంతే.

క్రమం తప్పకుండా ఆగుతోందంటే, ఎవరో గడియారం చూసుకుని ఆపుతున్నట్టే. నా ప్రోగ్రాముకూ యంత్రానికీ మధ్య నిలబడి అన్నీ పంచిపెట్టే లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోనే వెతకాలనిపించింది. అందుకు ఉచితంగా దొరికే ఉపకరణాలు చాలా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం మూడింటిని పోల్చి చూశాను.

మొదట పెర్ఫ్. ప్రాసెసర్ తన సమయమంతా ఎక్కడ ఖర్చు చేస్తోందో అది చక్కగా చూపించింది. కానీ మా బాధ పని ఎక్కువై వచ్చింది కాదు, పని ఆగిపోయి వచ్చింది. నిలబడిపోయిన మనిషిని అడుగుల జాడతో పట్టుకోలేం కదా. తర్వాత ఎఫ్‌ట్రేస్. అది కెర్నెల్‌లోనే ఉంటుంది, కొత్తగా ఏదీ ఎక్కించనక్కర్లేదు. అయితే జరిగిన ప్రతిదీ రాసిపెట్టింది. నిమిషానికే వేల పంక్తులు. జవాబు అందులోనే ఉండి ఉంటుంది, వెతికే ఓపికే నాకు లేకపోయింది. మూడోది బీపీఎఫ్‌ట్రేస్. దాన్ని ఒకే ప్రశ్న అడగొచ్చు: ఈ ప్రోగ్రాము ఎక్కువసేపు ఆగినప్పుడల్లా ఎక్కడ ఆగిందో చెప్పు. నాలుగు పంక్తులు రాసి వదిలాను. ముప్పై లెక్కపెట్టేలోగా జవాబు వచ్చింది. డిస్కు మీద రాయడం కోసం ఎదురుచూస్తోంది.

రాస్తున్నది కెమెరా తీసిన గింజల ఫోటోలనే. తర్వాత చూసుకోవచ్చని వాటిని దాచే పని కిందటి నెల ప్రోగ్రాములో నేనే చేర్చాను. కెర్నెల్ వాటిని కొంతసేపు పోగేసి ఒక్కసారిగా డిస్కుకు పంపుతోంది. ఆ క్షణం గాలి ఆగుతోంది, నల్ల గింజలు దాటిపోతున్నాయి.

సరిచేయడానికీ రెండు దారులున్నాయి. ఒకే ఆజ్ఞతో ఎన్నో అమరికలు మార్చే ఉపకరణం ఒకటుంది. ఇంకో చోట వాడాను. మేలు జరిగింది గానీ దేనివల్ల జరిగిందో తెలియలేదు. ఈసారి అమరికల్ని ఒక్కొక్కటిగా మార్చే సిస్‌కంట్రోల్ పట్టుకుని ఒక్కటే మార్చాను, పాత విలువ కాగితం మీద రాసుకున్నాకే. పోగు పెద్దది కాకముందే కొంచెం కొంచెంగా పంపాలని దాని అర్థం. ఆగడం తగ్గింది, పోలేదు. చివరికి, గింజల్ని ఏరే పని దానికోసం ఆగకుండా, ఫోటోలు దాచే పనిని ప్రోగ్రాములో వేరే దారికి మళ్లించాను. ఆమె గొట్టం మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది.

"ఇగ ఆగుతలేదు," అంది.

బాబాయ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "తప్పు నాది. ఆవిడ ముందే చెప్పింది, మనమే వినలేదు." ఆయన ఆమె దగ్గరికి నడిచి, "పొరపాటు పడ్డానమ్మా. నీ చోటు నీదే," అన్నారు. ఆమె తలూపి పళ్లెం అందుకుంది.

ఆ బీపీఎఫ్‌ట్రేస్ రాసినవాళ్లకు ఈమెయిల్లో కృతజ్ఞతలు రాశాను. క్రమం తప్పకుండా ఆగుతోందని ఎలా కనిపెట్టారని ఒకరు తిరిగి అడిగారు. ఆమె గురించి రాశాను. మీ ప్రోగ్రాము వాడేవాళ్లలో ఆమే అందరికంటే నేర్పరి అని జవాబొచ్చింది. మిల్లుకు వెళ్లి తెలుగులో చదివి వినిపించాను.

"ఆళ్లకు జీతం ఎవరిస్తరు?" అని అడిగింది.

"చాలామందికి ఎవరూ ఇవ్వరు. తీరిక చేసుకుని రాసి, అందరూ వాడుకోండని పెడతారు."

ఆమె గింజల్ని వేలితో పళ్లెంలో పరిచింది. "మంచోళ్లు. నేను గిట్ల అన్ననని రాయి," అంది.

రాశాను.