ముందు చేతులు ఒళ్లో పెట్టుకో

మా ఆఫీసులో ఎవరైనా కంగారుపడితే అది ముందు నా చెవులకే తెలుస్తుంది. ఈ ఉదయం వెనక సీట్లో కొత్తమ్మాయి కీబోర్డు మీద ఒకే మీటను టకటకా కొడుతుంటే ప్రభావతి ఆంటీ గుర్తొచ్చారు.

ఆర్.కె. పురంలో మా అన్నయ్య క్వార్టర్‌కి ఎదురింట్లో ఉండేవారావిడ. కడప మనిషి, కేంద్ర ప్రభుత్వోద్యోగి. ముప్పై అయిదేళ్లకే చూపు పూర్తిగా పోయింది. కంప్యూటరు తెరమీది మాటలు పైకి చదువుతుంటే వింటూ, మౌస్ ముట్టకుండా పనంతా కీబోర్డుతోనే చేసేవారు. మూడేళ్లుగా ఉద్యోగం దొరకక, వదిన ఎదుట అన్నం తినడానికి కూడా జంకుతున్న నన్ను పిలిచి, రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకున్నారు. కాపీకి కంట్రోల్ సి, సేవ్‌కి కంట్రోల్ ఎస్, చేసింది వెనక్కి తీసుకోవడానికి కంట్రోల్ జెడ్. మానిటర్ ఆపేసి మరీ చేయించేవారు. "కండ్లతో వెతకద్దు పాపా. వేళ్లకు తెలియల్ల," అనేవారు.

ఒకరోజు, మర్నాడు పొద్దున పై అధికారికి ఇవ్వాల్సిన నివేదికను సరిచూడమన్నారు. వారం రోజుల శ్రమ అది. పెద్ద 'ఎ' కొట్టబోతే చిటికెనవేలు షిఫ్ట్‌కి బదులు కంట్రోల్ మీద పడింది. ఆరు పేజీలూ ఒక్కసారిగా ఎంపికయ్యాయి. తర్వాతి అక్షరం కొట్టగానే మొత్తం మాయం. కంగారులో చేతికందిన మీటలన్నీ నొక్కాను, సేవ్ చేశాను, ఫైలు మూసేశాను. మళ్లీ తెరిస్తే కంప్యూటరు గొంతు "బ్లాంక్" అంది.

ఆంటీని ఏడుస్తూ క్షమించమన్నాను.

"తప్పు ఒక్కసారే చేసినావు. ఆ తర్వాత భయపడి పదిసార్లు చేసినావు," అన్నారు. "నా చూపు తగ్గుతా ఉన్నప్పుడు నేనూ అంతే. ఎవరేం చెప్తే అది కండ్లలో పోసుకున్నా. ఉన్న కాస్తా పాయె. ఇంకోసారి ఇట్లయితే, ముందు చేతులు ఒళ్లో పెట్టుకో."

తర్వాత ఆ నివేదికంతా గుర్తుతెచ్చుకుంటూ మళ్లీ టైపు చేశారు. నన్ను లేచి వెళ్లనివ్వలేదు.

నెల తర్వాత నోయిడాలో ఒక కంపెనీ టైపింగ్ పరీక్ష పెట్టింది. హాల్లో నలభై కీబోర్డులు చిటపటలాడుతున్నాయి. ఇంకా నాలుగు నిమిషాలున్నాయనగా నా వేలు మళ్లీ అదే తప్పు చేసింది. తెర తెల్లబడింది. "టైమ్ కా ధ్యాన్ రఖియే," అని టైము గుర్తుచేస్తూ పర్యవేక్షకుడు నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. బలవంతాన చేతులు ఒళ్లోకి తెచ్చుకున్నాను. పక్కమ్మాయి నన్ను వింతగా చూసింది. ఒక్క శ్వాస తీసుకుని కంట్రోల్ జెడ్ నొక్కాను. అక్షరాలన్నీ తిరిగొచ్చాయి. ఆఖరి వాక్యం మిగిలిపోయింది గానీ ఉద్యోగం దక్కింది.

ఆంటీకి చెబితే, జీతమెంతని అడగలేదు. "ఎన్నిసార్లు నొక్కినావు?" అన్నారు.

"ఒక్కసారే ఆంటీ."

నా వేళ్లు తడిమి పట్టుకుని, అలాగే కూర్చుండిపోయారు.

ఆవిడ పోయి రెండేళ్లు. పోయిన వర్షాకాలంలో అన్నయ్యకు గుండెనొప్పి వచ్చి, వదిన ఇల్లంతా పరుగెడుతుంటే, నేను ఒక్క క్షణం కదలకుండా నిలబడ్డాను. వదిన నన్ను రాతిమనిషి అనుకుని ఉంటుంది. ఆ క్షణం తర్వాతే అంబులెన్సుకి ఫోన్ చేసి, తడబడకుండా ఇంటి నంబరు చెప్పగలిగాను.