చైనాటౌన్‌లో లాకు సూపర్నెంటు

లాకు సూపర్నెంటు రత్నరాజు గారు ఏ హోటల్లోనూ ముందు కూర్చోరు. ముందు చెబుతారు. మిషను బళ్ళో ఎనిమిదో తరగతి ఫస్టున ప్యాసైన సంగతి, పడవల కాలవ మీద నీళ్ళాపే లాకు తలుపులు తిప్పే లస్కరుగా చేరి పాతికేళ్ళకి ఆ లాకుకే సూపర్నెంటైన సంగతి, ఉప్పెన రోజు పదకొండు పడవల జనాన్ని కాపాడిన సంగతి, కలెక్టరు తన మెళ్ళో దండ వేసిన సంగతి. అవన్నీ అయ్యాకే కుర్చీ లాక్కుంటారు.

గొప్పలనుకునేవారు జనం. చిన్నప్పుడు ఊరి కాఫీ హోటల్లో ఆయన పేటవాళ్ళ గ్లాసు విడిగా చూరులో దోపి ఉండేది. తీసి, కడుక్కుని పట్టుకుంటే హోటలాయన గ్లాసుకి తగలకుండా మూరెడు ఎత్తు నుంచి టీ పోసేవాడు. ఎవరైనా లేచి పొమ్మనేలోగా తానెవరో చెప్పేయాలని అప్పట్నుంచీ ఆయన ఆరాటం.

ఎనభై నాలుగులో షికాగోలో నర్సు చేస్తున్న కూతురు లూసీ దగ్గరికి వచ్చారు. ఓ ఆదివారం ఆరాధన కాగానే లూసీ చైనాటౌన్‌కి డ్రైవ్ చేసింది. ఏడెనిమిది డాలర్లకి ఇద్దరి కడుపూ నిండే చోటు. ఆవిరి కుడుముల బుట్టలున్న బండ్లు తోసుకుంటూ ఆడవాళ్ళు తిరుగుతున్నారు. హాలంతా కిటకిట. ఒంటరిగా పేపరు చదువుకుంటున్న చైనా ముసలాయన బల్ల చూపించాడు వెయిటరు.

రత్నరాజు గారు కదల్లేదు. “ఆయన్ని అడగలేదే?”

“ఇక్కడ షేర్ చేసుకోవడమే నాన్నగారూ, కూర్చోండి.”

“ఉండమ్మా.” గొంతు సవరించుకున్నారు. “ఐ యామ్ రిటైర్డ్ లాకు సూపర్నెంట్. ఎయిత్ క్లాస్, ఫస్ట్...”

ముసలాయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఇంగ్లీషు రాదు. పేపరు మడిచి, టీ కూజా ఎత్తాడు.

రత్నరాజు గారి చూపంతా కూజా కొమ్ము మీదే. అది దిగింది, ఇంకా దిగింది, కప్పు అంచుకి ఆనింది. ముందు ఆయనకి, తర్వాత లూసీకి, ఆఖర్న తనకి పోసుకున్నాడు ముసలాయన.

రత్నరాజు గారు కూర్చున్నారు.

రొయ్యలు పెట్టిన కుడుములు వచ్చాయి, నూడుల్స్ వచ్చాయి. రత్నరాజు గారి చాప్‌స్టిక్ పుల్లల్లోంచి నూడుల్స్ జారిపోతుంటే ముసలాయన తన గిన్నె నోటిదాకా ఎత్తి చూపించాడు. ఈయనా అలాగే జుర్రారు.

“ఉప్పెన సంగతి చెప్పలేదేం?” ఏడిపించింది లూసీ. “వెయిటర్ని పిలిచి ట్రాన్స్‌లేట్ చేయించనా?”

“తిననియ్యవే, చల్లారిపోద్ది.”

ముసలాయన కప్పు సగమైంది. రత్నరాజు గారు రెండు చేతులా కూజా పట్టుకుని లేచారు. కొమ్ము కప్పుకి ఆనేదాకా దించి పోశారు. ముసలాయన రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాడు.

“ఏంటమ్మా అది?”

“థాంక్స్ చెప్పడం. వాళ్ళ పద్ధతి.”

ఆయన తన కప్పులో మిగిలింది గబగబా తాగేసి ముందుకి జరిపారు. ముసలాయన మళ్ళీ కూజా ఎత్తేసరికి, రత్నరాజు గారి రెండు వేళ్ళూ బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి.