పేపరు పట్టుకున్న మనిషి

కెమెరా కొనడానికి కొందరికి గంట పడుతుంది, కొందరికి నెల పడుతుంది. మన గురువుగారికి పదకొండేళ్లు పట్టింది, ఇంకా కొనలేదు. ఆయన్ను గురువుగారని పిలిచేది ఫోన్లోని ఒక గ్రూపు. ప్రయాణాల్లో ఫొటోలు తీసేవాళ్ల గ్రూపని దాని పేరు. అందులోని నూట ఎనభై మందిలో ప్రయాణాలు చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో దేవుడికే తెలియాలి. పొద్దున లేస్తే ఏ కెమెరా ఎంత బరువు, ఏ లెన్సు మూలల్లో మసకబారుతుంది అని జుట్లు పట్టుకోవడమే వాళ్ల పని. ఆ తగువులన్నిటికీ తీర్పు చెప్పే పెద్దమనిషి ఈయన.

గ్రూపు బయట ఆయన పళ్ల సెట్లు చేసే టెక్నీషియను. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల మీద మైనం పెట్టి, పళ్లు వరసగా అమర్చి, గులాబీ రంగు చిగుళ్లు పోతపోస్తాడు. అక్కడ మీనమేషాలు లెక్కపెట్టడు. ముక్కూమొహం తెలియని ముసలాయనకు మూడు రోజుల్లో సెట్టు చేసి పంపిస్తే, అది పుట్టుకతో వచ్చిన పళ్లలా కూర్చుంటుంది. ఆ చేతులకే కెమెరా దగ్గరికొచ్చేసరికి ఏం పుట్టేదో మరి.

ఆయన భార్య బస్టాండులో మూడో నంబరు రిజర్వేషన్ కౌంటర్లో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్లుగా అద్దం కన్నంలోంచి జనానికి ప్రయాణాలు అందిస్తోంది. రోజూ పొద్దున ఆరున్నరకు పడవల రేవుకు ఒక బస్సు వెళ్తుంది. రేవులో పడవెక్కితే ముప్పావుగంటలో ఒక దీవి. దీవి మీద పాత లైట్‌హౌసు, దాని కింద రాళ్ల మీద వేలకొద్దీ తెల్లపక్షులు. ఇదంతా వెళ్లొచ్చినవాళ్లు తిరుగు టికెట్ల కోసం వచ్చినప్పుడు చెప్పిందే. ఆ బస్సులో ఏ సీటుకు ఎండ తగలదో, ఏ కిటికీ గట్టిగా తోస్తేగానీ తెరుచుకోదో ఆమెకు కంఠతా వచ్చు. ఎక్కలేదంతే.

"ఒకసారి వెళ్లొద్దామండీ" అని ఆమె మొదటిసారి అడిగింది పదకొండేళ్ల కిందట.

"అలాంటి చోటికి ఈ డొక్కు కెమెరాతోనా? మంచిది కొన్నాక వెళ్దాం" అన్నాడాయన.

ఆ డొక్కు కెమెరాకు ఏ రోగమూ లేదు. నొక్కితే ఫొటో పడేది. కానీ అప్పుడే లోపల అద్దం లేని కొత్తరకం కెమెరాలు, మిర్రర్‌లెస్‌లు, వస్తున్నాయి. అవి కాస్త కుదురుకోనీ అన్నాడు. కుదురుకున్నాయి. చిన్న సెన్సరా పెద్ద సెన్సరా అన్న మీమాంసలో మూడేళ్లు గడిచాయి. పెద్దదే మేలని తేలాక లెన్సుల గొడవ మొదలైంది. పక్షులకు పొడుగు లెన్సు కావాలి, లైట్‌హౌసుకు వెడల్పుది కావాలి. పడవలో రెండూ మార్చుకుంటుంటే లోపలికి ఉప్పునీళ్లు చిమ్ముతాయి. పోనీ అన్నిటికీ కలిపి ఒకే జూమ్ పెట్టుకుంటే దాని మూలలు మసగ్గా వస్తాయి. రెండు లెన్సుల బరువు తన వీపు మోయగలదో లేదో చూడటానికి బ్యాగులో అంత బరువుకు ఇటుక ముక్కలు వేసుకుని డాబా మీద గంటసేపు నడిచేవాడు. ఇన్నేళ్లలో గురువుగారు చేసిన ప్రయాణం అదొక్కటే.

ఇక పరీక్షలు. రెండు వారాలకోసారి కెమెరాల కొట్లోంచి ఒక కెమెరా, దానికో లెన్సు అద్దెకు తెచ్చేవాడు. డాబా మీద పిట్టగోడను ఆనుకుని పెద్ద ఇటుక గోడ ఉంది. లెన్సు సంగతి తేల్చడానికి ఇటుక గోడను మించింది లేదట. మూలల పదును చూడాలంటే మాత్రం చిన్న చిన్న అక్షరాలు కావాలి. అందుకని ఆమె స్టూలెక్కి, ఫొటోలో ఎడమ పక్క పైమూలకు వచ్చేలా నిలబడి, పేపరు రెండు చేతులా విప్పి మొహానికి అడ్డంగా పట్టుకోవాలి.

"కొంచెం ఎడమకి. ఊపిరి బిగబట్టు. కదిలావు, మళ్లీ కదిలావు!"

"గోడకి అంటించెయ్యకూడదా?" అని ఒకసారి అడిగింది.

"గాలికి రెపరెపలాడుతుంది. మనిషైతే చెబితే వింటుంది" అన్నాడు. ఆ ముక్క అన్నందుకైనా కాస్త సిగ్గుపడాల్సింది. పడలేదు.

ఈ ఏడాది బస్టాండుకు ఒక నోటీసు వచ్చింది. నెలాఖరు తర్వాత దీవికి పడవలు ఉండవు. పక్షులు గుడ్లు పెట్టుకోవడానికి దీవిని మనుషులకు మూసేస్తున్నారు, మళ్లీ తెరిచేది ఎప్పుడో రాయలేదు. ఆ నోటీసు అద్దానికి అంటించింది ఆమే. అంటించి, లోపలికెళ్లి సెలవు చీటీ రాసింది. ఆఖరి ఆదివారం ఆరున్నర బస్సుకు ఏడు, ఎనిమిది సీట్లు తన చేత్తోనే తీసింది. ఇంటికొచ్చి చెబితే ఆయన మొహం కూడా వెలిగింది. శనివారంలోగా లెన్సు తేల్చేస్తానని మాటిచ్చాడు.

శుక్రవారం సాయంత్రం గ్రూపులో ఒక కబురు పడింది. వచ్చే నెల కొత్త జూమ్ వస్తోందట, మూల నుంచి మూలకు పదునేనట.

"ఒక్క నెల ఆగుదాం" అన్నాడు గురువుగారు.

"నెలాఖరుకి పడవలు ఆగిపోతున్నాయండీ."

"పడవలు ఇవాళ కాకపోతే రేపు మొదలవుతాయి. తప్పు లెన్సు కొంటే జన్మంతా బాధపడాలి. ఆదివారం పొద్దున్నే అద్దె లెన్సుతో ఇంకొకసారి చూస్తాను, ఆరింటికి పైకి రా. ఎండ పడకముందు వెలుతురు బాగుంటుంది."

ఆమె లోపలికెళ్లి దీవికి వెళ్లే అనుమతి కాయితం నింపింది. దానికి తన ఫొటో అతికించాలి. ఇంట్లో ఇంత ఫొటోగ్రాఫరు ఉండగా స్టూడియోకు పోవడమెందుకని ఆయన కంప్యూటరు తెరిచింది. సంవత్సరాల వారీగా, లెన్సుల వారీగా ఎంత చక్కగా సర్దాడో. నలభై వేల ఫొటోలు. ఇటుక గోడ, ఇటుక గోడ, ఇటుక గోడ. ఎడమ మూలలో పేపరు. పేపరు అంచులు పట్టుకున్న వేళ్లు. మొదటి ఏళ్ల వేళ్లు నున్నగా ఉన్నాయి, పోనుపోను కణుపులు తేలాయి. తన ముసలితనం తనకు వేళ్లలోనే కనిపించింది. మొహం ఒక్కదాంట్లోనూ లేదు. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మనిషినని మర్చిపోయి స్టాండు కింద వాడుకున్నాడీయన అనుకుంది. అంతకాలం కదలకుండా నిలబడ్డందుకు తన మీద తనకే ఎక్కువ కోపం వచ్చింది.

వీధి చివర స్టూడియో అతను పాత కెమెరాతో ఒక్క నొక్కులో ఫొటో తీసిచ్చాడు. "మీవారు పెద్ద ఫొటోగ్రాఫరట కదమ్మా?" అన్నాడు. ఆమె ఫొటోలు తీసుకుని వచ్చేసింది. దారిలో జిరాక్సు కొట్టు నడిపే తన అక్క దగ్గర ఆగి, ఎనిమిదో సీటు నీదని చెప్పింది.

ఆదివారం ఐదింటికే డాబా ఎక్కింది. మూలనపడ్డ పాత అలమారా తలుపుకు పేపరు నాలుగు వైపులా గట్టిగా జిగురుతో అంటించింది. దాన్ని స్టూలు మీద, ఎప్పుడూ తను నిలబడే మూలకు, గోడకానించి నిలబెట్టింది. ముందున్న తాడు మీద, స్టూలు మీద మనిషి కాళ్లు లేవని తెలియకుండా, ఉతికిన దుప్పటి ఆరేసింది. పది నిమిషాల పని. ఇన్నేళ్లు ఈ మాత్రం ఎవరికీ తట్టలేదు.

బస్సు కదిలాక అక్క అడిగింది. "మరిదిగారికి చెప్పావుటే?"

"నాలుగుసార్లు చెప్పాను. వెళ్తున్నానంటే ఊఁ అన్నారు, తల ఎత్తలేదు."

రేవులో దిగేసరికి ఫోను మోగింది. గురువుగారు ఫొటో పంపాడు. ఇటుక గోడ, ఎడమ మూలలో పేపరు. కింద ఇలా ఉంది: 'చూశావా, ఒక్క అక్షరం చెదరలేదు. పదకొండేళ్లలో మొదటిసారి! లెన్సంటే ఇది. నువ్వు కూడా ఈసారి అస్సలు కదలకుండా బాగా నిలబడ్డావు. కిందికి ఎప్పుడు దిగిపోయావో, టీ పెట్టు.'

ఆమె రెండుసార్లు చదివి అక్కకిచ్చింది. అక్క చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగి వంగి నవ్వింది. ఆమెకు కూడా నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆ తలుపు చెక్క తనకంటే బాగా నిలబడిందన్నమాట.

"ఏదీ, నాకో ఫొటో తియ్యి" అని అక్క చేతికి ఫోనిచ్చింది. వెనక పడవ, నీళ్లు, దూరంగా లైట్‌హౌసు. జుట్టంతా గాలికి చెదిరి, కళ్లు తడిగా, మధ్యలో ఆమె మొహం. ఎడమ మూలలో అక్క బొటనవేలు అడ్డం పడింది. ఆమె ఆ ఫొటోను అలాగే పంపించింది, ఒక్క మాట రాయలేదు.

పడవ మెట్లు దించుతుండగా జవాబు వచ్చింది.

'ఎడమ మూల బాగా మసగ్గా ఉంది. ఏ ఫోను?'

ఆమె ఫోను కట్టేసి సంచిలో పడేసింది. పడవ మనిషి తొందరపెడుతున్నాడు. అక్క చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, ముందు వరసలో కూర్చుంది.