గుండె చప్పుడుకు కాపలా

కార్నివాల్ దగ్గర పడిందంటే ఒరూరో ఊళ్లో బ్యాండుమేళం మోగని చోటు ఉండదు. ఆపరేషన్ థియేటరుకు కూడా మినహాయింపు లేదు. కంటి సర్జను అరన్సీబియాగారు మొరెనాద నాట్యబృందంలో మూడో వరస కుడిచివరి మనిషి. ఆ పదవి ఎంత బాధ్యతగలదంటే, కత్తి చేతిలో ఉండగా కూడా ఆయన కాళ్లు అడుగులు సాధన చేస్తూనే ఉండేవి. థియేటరులో పెట్టుకున్న మేళం పాట బాగా వినపడాలని గుండె మానిటర్ శబ్దం తగ్గించడం ఆ నెలలో ఆచారమైపోయింది.

ఆ ఆచారానికి ఏకైక శత్రువు నికనోర కోల్కే, మత్తు డాక్టరుకు సహాయకురాలు. ఇరవై రెండేళ్ల సర్వీసు. రోజూ అందరికంటే ముందొచ్చి ఆక్సిజన్ సిలిండర్ ముల్లు చూసేది, గొట్టాలు పరీక్షించేది, గుండెను లేపే మందు సిరంజిలోకి ఎక్కించి పేరు రాసి పెట్టేది. ఆమె తండ్రి గని కార్మికుల బ్యాండులో పెద్దడోలు వాయించేవాడు. తాళం తప్పితే ఆమెకు నిద్రలోనూ మెలకువ వచ్చేది.

"నికనోరమ్మా, నీ టిక్కుటిక్కు నా మేళాన్ని చెడగొడుతోంది."

"మీ మేళం ఆగితే మళ్లీ పెట్టుకోవచ్చు డాక్టరుగారూ."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు, కానీ తగ్గించమన్నారు. ఆమె సగమే తగ్గించింది. మిగతా సగం చెవులు రిక్కించి పూడ్చుకుంది.

ఆ పొద్దున బల్లమీద ఉన్నది ఆరేళ్ల మాబెల్, మెల్లకన్ను సరిచేయించుకోవడానికి వచ్చింది. కంటి కండరాన్ని లాగితే గుండె నెమ్మదించవచ్చు. ఈ సంగతి ఆ గదిలో తెలియని వాళ్లు లేరు. మత్తు డాక్టరు సొరైదా గుడ్డల కింద వంగి గొట్టం సర్దుతోంది. సర్జను కొక్కెంతో కండరాన్ని లాగారు. బాకాలు జోరుమీదున్నాయి.

టిక్కు... టిక్కు... ఆ తర్వాతది రాలేదు.

సర్జనుకు ఆజ్ఞ ఇచ్చిన సహాయకురాలు ఆ ఆస్పత్రి చరిత్రలో అప్పటిదాకా లేదు.

"వదలండి!"

"ఏంటీ?"

"చేతిలోది వదిలెయ్యండి! పిల్ల గుండె ఆగింది!"

వదిలేశారు. సొరైదా తల ఎత్తకుండానే చెయ్యి చాచింది. నికనోర అందించిన సిరంజి అప్పటికే ఆ చేతిలో ఉంది. మందు ఎక్కింది. నికనోర రెండు అరచేతులూ చిన్నారి ఛాతీమీద ఆనించి, నొక్కబోయేంతలో టిక్కుమంది. ఇంకొకటి. ఆపై వరసగా.

ఎవరో పాట కట్టేశారు. కార్నివాల్ నెలలో ఒరూరో అంత నిశ్శబ్దాన్ని విని ఎరగదు.

"గుండె బాగా కొట్టుకుంటోంది, కానివ్వండి," అంది సొరైదా కాసేపటికి.

రెండో కండరం మిగిలే ఉంది. అరన్సీబియాగారు కొక్కెం ఎత్తి, అక్కడే ఆగిపోయారు.

"లాగనా నికనోరమ్మా?"

వెంటనే జవాబు చెప్పొచ్చు. ఇరవై రెండేళ్లలో ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు కనుక తొందరపడలేదు. మానిటర్ శబ్దం పూర్తిగా పెంచింది. ఇరవై దెబ్బలు లెక్కపెట్టింది. సర్జను కొక్కెం గాల్లోనే పట్టుకుని, స్కూలు పిల్లాడిలా నిలబడ్డారు.

"ఇప్పుడు లాగండి," అంది. "మెల్లిగా."

మెల్లిగానే లాగారు.