మూడడుగుల బేస్‌మట్టం

ఇన్నేళ్ళలో మా వీధి సంగతి నన్ను అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. బర్మా కాలనీ ఎక్కడ అని అడిగినవాళ్ళు మాత్రం చాలామంది. జీపు దిగి, మా కొట్టాల ముందే నిలబడి, మా కొట్టాల వైపు చూడకుండా అడిగేవాళ్ళు. నేను చెయ్యెత్తి మెట్ట వైపు చూపించేవాణ్ణి. ఒక్క మంచిమాట అనకుండా పోయేవాళ్ళు. వాళ్ళ మొహాలు నాకింకా గుర్తున్నాయి. వాళ్ళు చూడనిది ఇప్పుడు నేనే రాస్తున్నాను.

నేను శ్రీకాళహస్తిలో తాపీ మేస్త్రీని. మా వీధి స్వర్ణముఖి ఒడ్డున, ఇసుకను ఆనుకుని ఉంటుంది. అన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏట్లో నీళ్ళుండవు. కార్తీకంలో తుపాను పట్టిందంటే మాత్రం ఏరు మా గడప దాటి లోపలికి వస్తుంది. మట్టిగోడలు నాని కూలిపోతాయి. నీళ్ళు తీశాక మళ్ళీ మట్టి తొక్కి లేపుకుంటాం.

బర్మా నుంచి వెళ్ళగొడితే కట్టుబట్టలతో వచ్చిన తెలుగు కుటుంబాలు, అక్కడా ఇక్కడా శిబిరాల్లో ఏళ్ళు గడిపాక, డెబ్బైలలో మా ఊరు చేరాయి. మా వీధికి ఎదురుగా, రోడ్డుకు అవతల, మెట్ట మీద వాళ్ళకు ఇళ్ళు మంజూరయ్యాయి. కాగితాల్లో వాళ్ళ పేరు కాందిశీకులు. ఆ ఇళ్ళు కట్టే పని నాకే దొరికింది.

ఓవర్సీరు మొదటిరోజే టేపు పట్టి, బేస్‌మట్టం మూడడుగులు రావాలన్నాడు. అంటే నేల నుంచి గోడ మొదలయ్యేదాకా మూడడుగుల ఎత్తున రాతి కట్టడం. మెట్ట మీది ఇంటికి అంత ఎత్తెందుకని అడిగాను. ఎంత తుపాను వచ్చినా నీళ్ళు ఎక్కకూడదన్నాడు. అయితే పల్లంలో ఉన్న మా వీధికి కూడా అని నేను మొదలుపెట్టానో లేదో, ఆయన టేపు చుట్టేస్తూ నా మొహం వైపు కూడా చూడకుండా అన్నాడు.

"ఏమప్పా, నువ్వేమన్నా బర్మా నుంచి వచ్చినావా?"

కూలీలు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ ఇళ్ళను రాయి రాయికీ కుళ్ళుకుంటూ కట్టాను. సిమెంటులో ఇసుక ఒక తట్ట ఎక్కువ పడితే ఎవరు చూస్తారనిపించిన రోజులున్నాయి. చెయ్యి రాలేదు. ఇళ్ళయ్యాక రెండు బోరింగులు వేశారు, మరుగుదొడ్లు కట్టారు. తుపాను రోజుల్లో అందరూ తలదాచుకోవడానికి స్లాబు వేసిన పెద్ద హాలు కూడా కట్టించారు. దాని స్లాబు పోసిందీ నేనే.

మా ఆవిడ నీళ్ళకు వాళ్ళ బోరింగు దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. అక్కడి ఆడవాళ్ళు ఏదో చెట్టు బెరడు అరగదీసి చెంపలకు గంధంలా పూసుకుంటారు. వాళ్ళలో ఒకావిడ తన బిందె పక్కకు జరిపి ఈమె బిందె పెట్టనిచ్చిందట. వాళ్ళెంత మంచివాళ్ళో అని మా ఆవిడ రెండురోజులు చెప్పింది. ఆ రెండురోజులూ నేను ఆమెతో మాట్లాడలేదు. వాళ్ళు గెంటేసి ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఆ కార్తీకంలోనే ఏరు వచ్చింది. తెల్లవారేసరికి కొట్టంలో మోకాలిలోతు, కాసేపటికి నడుములోతు నీళ్ళు. "వంట సామాన్లు వదిలెయ్. ఆ హాల్లోకి పోదాం పా," అని మా ఆవిడ నా చెయ్యి పట్టి లాగింది. నేను పోనన్నాను.

"నువ్వు కట్టిందే గదయ్యా. దాంట్లోకి పోయేదానికి నీకేం రోషం?"

వెళ్ళాం. వీధి వీధంతా వెళ్ళింది. వాకిట్లో నిలబడి తడిబట్టలు పిండుకుంటుంటే, కాలనీ పెద్దాయన నన్ను చూసి "లోపలికి రండి మేస్త్రీ గారూ, ఇది మీ ఇల్లే అనుకోండి," అన్నాడు. నేను పోసిన స్లాబు కింద ఆయన నాకు చాప పరిచాడు. ఆ చాప మీద కూర్చోవడం కంటే నీళ్ళలో నిలబడటమే నయమనిపించింది. ఆయనకు రంగూన్‌లో టేకు మేడ ఉండేదట, ఒక్క మూటతో ఓడెక్కించారట. వింటూ కూడా నేను హాలు వాకిలిలోంచి కనబడే ఆయన ఇంటి గోడలనే చూస్తున్నాను. కాలనీలో ఒక్క గోడకూ తడి అంటలేదు.

నీళ్ళు తీశాక మా వీధి తరఫున అర్జీ రాస్తానన్నది కూడా ఆయనే. కాలనీవాళ్ళకిచ్చిన ఫారమే తెచ్చి నింపాడు. 'ఏ దేశం నుంచి వచ్చారు' అన్న గడి దగ్గర ఆగిపోయాడు. నేను స్వర్ణముఖి ఒడ్డు అని రాయమన్నాను. రాశాడు.

తాలూకా ఆఫీసులో గుమాస్తా ఆయనకు కుర్చీ వేశాడు. నన్ను నిలబెట్టాడు. ఫారం ఈ బల్ల నుంచి ఆ బల్లకు పోయింది. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి ప్రతి బల్ల దగ్గరా నవ్వే.

"నువ్వు యాడికీ పోలేదు గదప్పా. ఉండేచోటే ఉండావు. నిన్ను కాందిశీకుడని ఎట్ల రాసేది?"

"మేం పోలేదు సార్. మా ఇండ్లే పోతాండాయి, ఏటేటా."

పెద్దాయన తలవంచుకున్నాడు. గుమాస్తా ఫారం ఫైలు కింద పెట్టి, చూస్తామన్నాడు.

తర్వాత ఏటా ఒక అర్జీ పెట్టాను. గడి లేని తెల్లకాగితం మీద రాశాను. ఒకసారి పెద్ద ఆఫీసరే కాలనీ చూడటానికి వచ్చాడు. బేస్‌మట్టం మీద చెయ్యివేసి, రాతిపని ఎంత గట్టిగా ఉందో అన్నాడు. నేను కట్టానని ముందుకొచ్చాను. ఆయన పెద్దాయనకు నమస్కారం పెట్టి జీపెక్కాడు. పెద్దాయన నా పేరు చెప్పబోయాడు, నిజమే. జీపు కదిలిపోయింది. ఆ ఒక్కక్షణం ముందు ఎందుకు చెప్పలేదని ఆయన మీద కూడా నాకు కోపమే.

ఎనభైలు కూడా అయిపోవస్తున్నాయి. వాళ్ళ ఇళ్ళు తీసి మాకివ్వమని నేను ఏ అర్జీలోనూ రాయలేదు. వాళ్ళకు వేసినంత ఎత్తు బేస్‌మట్టం, ఒక బోరింగు, ఇవే అడిగాను. రాయి మోయడానికి మా వీధి ఉంది, కట్టడానికి నేనున్నాను. కార్తీకానికి ఇంకా రెండు నెలలుంది. ఇదే ఈ ఏటి అర్జీ. ఇస్తారా, ఇవ్వరా? ఇవ్వకపోతే ఎందుకివ్వరో రాసి, కింద సంతకం పెట్టి పంపండి. ఈసారి నాకు జవాబు కావాలి.